ఆగు, వస్తున్న

సెప్టెంబర్ 3

ఈ రోజు పొద్దున మళ్ళీ ఆయన గొంతు వినిపించింది.

కాలేజీకి వెళ్ళే తొందరలో వంటింట్లో ఉన్నాను. చేను వైపు నుంచి "హో...య్! హో...య్! ఆగు, వస్తున్న!" అని కేక. నేను కంచం తీసి, తుడిచి, అన్నం పెట్టి, పప్పు పోశాను. ఆయనకు ఇష్టమని మామిడికాయ తొక్కు కూడా అంచున వేశాను. కంచం పట్టుకుని వాకిట్లోకి వచ్చాక గానీ ఆయన చనిపోయాడన్న సంగతి గుర్తు రాలేదు.

వాకిట్లో అత్తమ్మ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, సగం చుట్టిన తునికాకు వేళ్ళ మధ్య అలాగే పట్టుకుని, చేను వైపే చూస్తోంది. నా చేతిలో కంచం కూడా చూసింది.

కాసేపటికి మరిది రంజిత్ వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"వదినా, ఏమనుకోకు. మైకు బంద్ జేసినప్పటిసంది కోతులు మక్క కంకులు పీకి పారేస్తున్నయి. మేము ఎంత ఒర్లినా లెక్క జేస్తలేవు. అన్న గొంతు ఇంటెనే ఉర్కుతయి. నేనేం జేద్దు చెప్పు."

"పెట్టుకో. పంట పోవద్దు గదా," అన్నాను.

ఆ కేకలో చివరి మాట ఎలా రికార్డయిందో నాకొక్కదానికే తెలుసు. జూలైలో ఆయన, ఒకసారి అరిస్తే అదే కేకను మళ్ళీ మళ్ళీ వినిపించే మైకు డబ్బా కొన్నాడు. పొద్దంతా అరిచి గొంతు పోతోందని. వడిసెల తిప్పుతూ, డబ్బాకు వినపడేలా రెండుసార్లు హోయ్ హోయ్ అన్నాడు. అప్పుడే నేను ఒడ్డు మీద నుంచి "అన్నం తెచ్చిన, రాండ్రి" అని పిలిచాను. అదే గొంతుతో "ఆగు, వస్తున్న!" అన్నాడు. అదీ ఎక్కింది. చెరిపేయమంటే నవ్వాడు. "ఉండనియ్యి రజనీ. నేను వస్తున్నని కోతులకు గూడ తెల్వాలె" అన్నాడు. ఆగస్టులో అదే ఒడ్డు మీద కూలిపోయాడు. గుండె అన్నారు.

చెవి పెట్టి వింటే ఆయన మాటకు ముందు నా పిలుపు కూడా సన్నగా వినిపిస్తుంది. అది కోతులను బెదిరించే మాట కాదు. నాకు చెప్పిన జవాబు.

వడ్డించిన అన్నం నేనే తిన్నాను. నిలబడే.

సెప్టెంబర్ 4

కోతులు గుట్ట దిగలేదు. మైకు బాగా పనిచేస్తోంది.

సెప్టెంబర్ 7

ఆదివారం. అత్తమ్మ మళ్ళీ ఆ మాటే ఎత్తింది. మూడో రోజు పిట్టకు పెట్టినప్పుడు కాకి ముట్టలేదని.

"వాని పానం దేని మీదనో ఉన్నది బిడ్డా. గందుకే ముట్టలే. ఇప్పుడు పిలుస్తుండు."

"అత్తమ్మా, గది మైకు."

"మైకని నాకు తెల్వదా? గొంతు ఎవలది మరి?"

నేను ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పే మనిషిని. కాకి ముట్టడం, ముట్టకపోవడం నాకు లెక్కలోది కాదు. ఆ మాటే అనబోయి ఆగిపోయాను. ఆమె మూడు వారాలుగా చాయ్ తప్ప సరిగ్గా ఏమీ ముట్టడం లేదు.

మధ్యాహ్నం రంజిత్‌కు సద్ది తీసుకుని చేనుకు వెళ్ళాను. అతను అప్పటికే ఇంటికి తినడానికి వెళ్ళాడట. మైకు కట్టిన గుంజ కింద కూర్చున్నాను. మక్కజొన్న నా తల దాటి పెరిగింది. దాని నీడలో పసుపు పైరు, వెడల్పాటి ఆకులతో. పైన డబ్బా అరిచింది. నా చేతులు వాటంతటవే టిఫిన్ మూత తీశాయి. పసుపు ఆకు ఒకటి తెంపి దాని మీద అన్నం పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. పెట్టకుండా ఉండలేకపోయాను, అంతే.

చాలాసేపటికి గుట్ట వైపు నుంచి ఒక ముసలి గండు కోతి వచ్చింది. ఒక చెవి చిరిగి ఉంది. ఆకు దాకా వచ్చింది. మైకు మోగగానే ఒక్క దూకు దూకి మక్కలోకి మాయమైంది. అన్నం అక్కడే ఉంది. నేను కదల్లేదు. మళ్ళీ వచ్చింది. ఈసారి డబ్బా అరిచినా వంగిపోయిందే గానీ పరుగెత్తలేదు. పిడికిలి నిండా తీసుకుని తిన్నది. తిని, తలెత్తి డబ్బా వంక చూసింది.

ఇంటికి వచ్చి అత్తమ్మకు చెప్పాను.

"ముట్టిందా? నిజంగ ముట్టిందా?"

"ముట్టింది."

ఆమె లేచి, చేతులు కడుక్కుని, తనే రొట్టె వేసుకుని తిన్నది.

సెప్టెంబర్ 8

రాత్రి అన్నం మిగిలింది. పారేయడమెందుకని చేను మీదుగా కాలేజీకి వెళ్ళాను.

సెప్టెంబర్ 9

చేను మీదుగా వెళ్తే హైవే దగ్గర. ఆటో తొందరగా దొరుకుతుంది.

సెప్టెంబర్ 10

అది దగ్గర దారేమీ కాదు. కానీ పొద్దున పూట గాలి బాగుంటుంది.

అన్నం ఈ రోజు మిగల్లేదు. కొంచెం ఎక్కువ వండాను.

సెప్టెంబర్ 12

క్లాసులో కుక్క పాఠం వచ్చింది. గంట కొట్టి అన్నం పెడతారు. కొన్నాళ్ళకు అన్నం లేకపోయినా గంట వినగానే కుక్క నోట్లో నీళ్ళు ఊరుతాయి. ఈ పాఠం ఏటా చెప్పేదే. పుస్తకం తెరవకుండా చెప్పగలను.

త్రివేణి అనే అమ్మాయి లేచింది. మెండోర నుంచి వస్తుంది. వాళ్ళది చేపలు పట్టే ఇల్లు.

"మేడం, మరి గంట కొట్టుకుంట అన్నం పెట్టకుంటే?"

"కొన్నాళ్ళకు మానేస్తుంది. మరిచిపోతుంది."

"మర్శిపోతదా మేడం? లేకపోతే నమ్ముడు బంద్ జేస్తదా?"

పిల్లలు నవ్వారు. పరీక్షలో మరిచిపోతుందని రాయమన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది గానీ రాసుకోలేదు.

ఈ రోజు అన్నంలో బెల్లం కలిపి తీసుకువెళ్ళాను. ముసలిది ఒక్కటే కాదు. పిల్లను పొట్టకు కరుచుకున్న తల్లి ఒకటి వచ్చింది. దాని వెనక ఇంకా కొన్ని. పాపం, గుట్ట మీద వాటికి మాత్రం ఏముంది!

సెప్టెంబర్ 16

పక్క చేను పోచన్న ఒడ్డు మీద ఎదురుపడ్డాడు.

"చెల్లే, ఒక ముచ్చట అడుగుత. మీ చేన్ల కోతులకు ఏం మంత్రమేసిన్రు?"

"ఏమైందే అన్నా?"

"నా చేన్ల కంకి కంకి పీకుతున్నయి. మీ చేన్ల గా ఒడ్డు పొంటి వరుసగ కూసుంటున్నయి. కంకిని ముడుతలేవు. అందరి మొకాలు గా డబ్బా దిక్కే. నేను రాయేసినా కదుల్తలేవు. నాకైతే గా దిక్కు సూడాలంటెనే గుబులైతుంది."

"ఆయన గొంతుకు భయపడుతున్నయేమో," అన్నాను.

"భయపడ్డ కోతి ఉర్కుతది చెల్లే. కూసోదు."

పంట మాత్రం బాగుంది. రంజిత్ సంతోషంగా ఉన్నాడు.

సెప్టెంబర్ 19

కాలేజీ నుంచి వచ్చేసరికి ప్రహరీ మీద కోతులు కూర్చుని ఉన్నాయి. ఆ గోడ చివర నుంచి ఈ గోడ చివర దాకా. అరుపు లేదు, దూకడం లేదు, ఒకదాన్ని ఒకటి గీరుకోవడం లేదు. అన్నీ మా తలుపు వంకే చూస్తున్నాయి.

అత్తమ్మ లోపల గడియ పెట్టుకుని ఉంది. కిటికీ నుంచి "రజనీ, రాకు, రాకు" అంటోంది. నేను గేటు తీసుకుని వాటి మధ్య నుంచే నడిచి వచ్చాను. ఒక్కటీ నా మీదికి రాలేదు. తల తిప్పి నన్ను చూశాయి, అంతే. బస్టాండులో ఆలస్యంగా వచ్చిన బస్సును జనం చూసినట్టు చూశాయి.

రంజిత్‌కు ఫోన్ చేస్తే తెలిసింది. బ్యాటరీ చార్జింగ్‌కని పొద్దున మైకు తీసుకుపోయాడట. ఈ రోజంతా కేక లేదు.

అవి నా ఇల్లు ఎలా కనుక్కున్నాయి? గుట్టకు దగ్గరే కదా. నీళ్ళ కోసం వచ్చి ఉంటాయి.

సెప్టెంబర్ 21

వాడలో బతుకమ్మ మొదలైంది. మా ఇంట్లో లేదు.

సెప్టెంబర్ 22

ఆర్మూర్‌లో కూరగాయలు కొంటున్నాను. వెనకాల ఎవరో ఫోన్లో గట్టిగా "ఆగు, వస్తున్న" అన్నాడు. ఎవరో తెలియని మనిషి. గొంతు కూడా ఆయన గొంతులా లేదు.

నేను సంచి కింద పెట్టి, బ్యాగులోంచి టిఫిన్ డబ్బా తీసి, మూత తిప్పుతున్నాను. ఎదురుగా టమాటాలు అమ్మే ఆమె "ఏమైందమ్మా?" అని అడిగేదాకా చేతులు ఆగలేదు.

ఎండ ఎక్కువగా ఉంది. పొద్దున సరిగ్గా తినలేదు.

సెప్టెంబర్ 25

ఇది రాయాలని లేదు. అయినా రాయాలి.

నందిని రంజిత్ భార్య, నా తోటికోడలు. మధ్యాహ్నం రంజిత్‌కు సద్ది తీసుకుని చేనుకు బయల్దేరింది. నాకు కాలేజీకి సెలవు. చున్నీ తల మీద వేసుకుని తను ముందు, నేను వెనక నడుస్తున్నాం. నా చేతిలోనూ అన్నం డబ్బా ఉంది. నందిని అడగలేదు, నేను చెప్పలేదు. నా చెప్పు తెగితే సరిచేసుకోవడానికి వెనకబడ్డాను.

చేను ఆ చివర నుంచి రంజిత్ అరిచాడు. "నందినీ, జల్ది రా! ఆకలైతుంది!"

వాళ్ళది ప్రేమ పెళ్ళి. అతన్ని నువ్వు అనే పిలుస్తుంది. నవ్వుతూ, గొంతెత్తి, "ఆగు, వస్తున్న!" అంది.

మక్కలోంచి వచ్చాయి. ఒడ్డు మీద నుంచి, గుట్ట రాళ్ళ మీద నుంచి. వచ్చేటప్పుడు చప్పుడు లేదు. ఆకుల గరగర ఒక్కటే. నందిని చుట్టూ కూర్చున్నాయి. చేతులు చాపాయి. తల్లికోతి తన చున్నీ కొస పట్టుకుంది. కొట్టడానికి రాలేదు అవి. అడగడానికి వచ్చాయి. కానీ నందినికి ఏం తెలుస్తుంది? కెవ్వుమని టిఫిన్ పైకెత్తింది. ముసలి గండు ఆమె భుజం మీదికి ఎక్కింది. ఆ తర్వాత అన్నీ మీద పడ్డాయి.

రంజిత్ కర్ర పట్టుకుని వచ్చేలోపు నందిని కాలువలో పడింది. భుజం మీద, మెడ కింద కాట్లు. కుడి మణికట్టు విరిగింది.

నేను అక్కడే నిలబడ్డాను. నా డబ్బా నా చేతిలోనే ఉంది. దాన్ని దూరంగా విసిరి ఉంటే అవి అటు పోయేవి. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు తోచలేదు.

సెప్టెంబర్ 26

దవాఖానలో నందినికి సూదులు ఇస్తున్నారు. చేతికి కట్టు వేశారు. నన్ను చూసి, "అక్కా, అవి నన్నెందుకు పట్టినయి? నేనేం జేసిన?" అంది. నీళ్ళు తాగించాను.

రంజిత్ బయట వరండాలో ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రేపు అరటిపండ్లల్ల మందు కలిపి పెడత వదినా. పోచన్న గూడ సరే అన్నడు. పాపం తగిల్తె నాకే తగలనీ."

"హనుమంతుడని మొక్కుతం గదా రంజిత్."

"మొక్కినం. ఏమైంది మరి?"

ఇంటికి వచ్చాను. పొట్టకు పిల్లను కరుచుకున్న ఆ తల్లి కళ్ళలో మెదులుతోంది. నేను బెల్లం కలిపిన అన్నం పెడితే ముందు పిల్ల నోట్లో పెట్టి, తర్వాత తను నాకింది.

నేను పెడితే. రాసేశాను. అవి అలవాటు పడింది నేను పెడితేనే.

సెప్టెంబర్ 27

పొద్దున్నే రంజిత్ ఇంటికి వెళ్ళాను. గంపలో అరటిపండ్లు ఉన్నాయి. పక్కన మందు డబ్బా.

"మందు పెట్టకు. గది కోతుల తప్పు గాదు," అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను. మైకు మోగినప్పుడల్లా అన్నం పెట్టానని. రోజూ పెట్టానని. కాలేజీకి దగ్గర దారని అబద్ధమాడానని. అది మాత్రం ఎవరితో ఆడిన అబద్ధమో అతనికి అర్థం కాలేదు.

అతను చాలాసేపు నా ముఖం చూశాడు. కోప్పడతాడనుకున్నాను. భయపడ్డాడు.

"అన్న గొంతుకు అవిటికి బువ్వ అలవాటు జేసినవా వదినా?"

"జేసిన."

"ఎందుకు?"

"వస్తున్న అన్నడు గదా."

రంజిత్ గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. లోపల మంచం మీద నుంచి నందిని అంతా వింది. ఏమంటుందోనని నేను అటు చూడలేదు. ఆమే పిలిచింది. "అక్కా, మరి ఇప్పుడు మానిపిచ్చుడెట్ల? నాకట్ల ఇంకొకరికి గావద్దు."

చెప్పాను. మైకు తీసేస్తే లాభం లేదు. మాట వాటి చెవుల్లో ఉండిపోతుంది. రేపు ఇంకెవరి నోటనో ఆ మాట వస్తుంది. మైకు మోగాలి, అన్నం రాకూడదు. పెట్టే మనిషి అక్కడే ఉండాలి, ఉత్త చేతులతో. అలా ఎన్నోసార్లు జరగాలి.

"మక్క కోసేదాక సూస్త," అన్నాడు రంజిత్. "గప్పటికి మానకుంటే నా ఇష్టం."

సెప్టెంబర్ 28

దసరా సెలవులు. పొద్దంతా గుంజ కింద కూర్చున్నాను. డబ్బా మోగింది. నా చేతులు ఒళ్ళోంచి లేచాయి. వాటిని పిడికిలి పట్టి నొక్కుకున్నాను. కోతులు వచ్చాయి, కూర్చున్నాయి, చూశాయి. మళ్ళీ మోగింది. మళ్ళీ దగ్గరికి జరిగాయి.

ప్రతిసారీ ఆయన వస్తున్నాననే అంటాడు. ఆయన రాడు, అన్నం రాదు. మేమంతా అక్కడే కూర్చుని ఉన్నాం.

సెప్టెంబర్ 29

సంగతి పోచన్న చెవిన పడింది. ఆయన అందరికీ చెప్పాడు. ఇప్పుడు చుట్టుపక్కల చేలల్లో ఎవరూ ఆ మాట అనడం లేదు. ఎవరైనా పిలిస్తే ఈల వేస్తున్నారు, లేకపోతే చెయ్యి ఊపుతున్నారు. ఆడవాళ్ళు ఒడ్ల మీద పెదవులు బిగించుకుని నడుస్తున్నారు. ఇంత పెద్ద పంట మధ్య మనుషుల గొంతే లేదు. ఆయన గొంతు ఒక్కటే.

సెప్టెంబర్ 30

ఈ రోజు ముదిరింది. ఇలా ముదురుతుందని పుస్తకంలో ఉంది. మానేసే ముందు జంతువు ఇంకా గట్టిగా అడుగుతుందని. పుస్తకంలో అది ఒక వాక్యం.

కోతులు గుంజ ఊపాయి. డబ్బాను అరచేతులతో బాదాయి. దాని మూతి దగ్గర కళ్ళు పెట్టి లోపలికి చూశాయి. ఆయన హోయ్ అంటే అవీ అరిచాయి. గుట్ట మీద నుంచి ఆ అరుపు తిరిగి వచ్చింది. రంజిత్ దూరంగా కర్ర పట్టుకుని నిలబడ్డాడు. రావద్దని సైగ చేశాను.

ముసలి గండు నా ముందుకు వచ్చి కూర్చుంది. నా మోకాలికి దాని మోకాలు తగిలేంత దగ్గరగా. నా పిడికిలి పట్టుకుంది. దాని వేళ్ళు చల్లగా, పొడిగా, అచ్చం ముసలివాళ్ళ వేళ్ళలా ఉన్నాయి. నా వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పింది. తొందర పడలేదు. అరచేయి చూసింది. వాసన చూసింది. రెండో చేయి కూడా అలాగే విప్పింది. ఏమీ లేదని తెలిశాక నా ముఖంలోకి చూసింది.

అది చూసిన చూపు గురించి రాయలేను. కాలేజీలో, వాడలో, చావుకు వచ్చిన చుట్టాలలో ఎవరూ నన్ను అంత సూటిగా ఏమీ అడగలేదు.

"లేదు," అన్నాను దానితో. "లేదు. రాడు."

అంతకు ముందు ఆ మాట నేను పైకి అనలేదు.

అక్టోబర్ 2

దసరా. మా ఇంట్లో పండుగ లేదు. జమ్మి ఆకు పెట్టడానికి రంజిత్ వచ్చాడు. అత్తమ్మ కాళ్ళకు మొక్కి వెళ్ళాడు.

కోతులు కొన్నే వచ్చాయి.

అక్టోబర్ 5

తల్లీపిల్లా రావడం మానేశాయి. ముసలి గండు ఒడ్డు దాకా వచ్చి, కూర్చోకుండానే తిరిగి వెళ్ళింది.

రేపటి నుంచి కాలేజీ. పగలు రంజిత్ చూస్తానన్నాడు. నేను సాయంత్రాలు వెళ్తాను.

అక్టోబర్ 8

ఏమీ అర్థం కావడం లేదు. సాయంత్రం వెళ్ళేసరికి అన్నీ ఉన్నాయి. మొదట్లోలాగే వరుసగా. తల్లీపిల్లా కూడా. డబ్బా మోగగానే నా కాళ్ళ దాకా వచ్చాయి.

రంజిత్ ఒట్టేసి చెప్పాడు, తను ఏమీ పెట్టలేదని.

అక్టోబర్ 9

గుంజ కింద మెతుకులు ఉన్నాయి. పక్కనే నలిగిన ఆకు. పసుపు ఆకు కాదు. తునికాకు.

ఇంటికి వచ్చాను. అత్తమ్మ బీడీలు కట్ట కడుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"అత్తమ్మా, చేనుకు బువ్వ తీస్కపోయినవా?"

దారం కొరికి తెంపింది. "రోజు గాదు బిడ్డా. రంజిత్ తినవోయినప్పుడు. మొన్నొకసారి, గంతకు ముందు ఒకసారి."

"ఒక్కసారి పెట్టినా అంతే అత్తమ్మా. గా ఒక్కసారి కోసం అవి ఎన్ని దినాలైనా సూస్తయి. ఇయ్యాల గాకుంటే రేపు, రేపు గాకుంటే ఎల్లుండి అని."

"నేను గూడ గంతే గదా."

ఆమె చాట పక్కన పెట్టింది.

"వాడు వస్తున్న అంటుండు. పొద్దుందాక అంటుండు. అన్నం లేని గుంజ కింద వాన్ని నిలబెట్టాల్నా? తల్లిని గానా నేను?"

"ఆయన నీతోని అంటలేడు అత్తమ్మా. నాతోని అన్నడు." అప్పుడు చెప్పాను, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది. "గా దినం నేను చేనుకు అన్నం తీస్కపోయిన. ఒడ్డు మీదికెంచి పిలిచిన. డబ్బా నడుస్తుందని నాకు తెల్వది. 'ఆగు, వస్తున్న' అని నాకు జవాబిచ్చిండు. గదే ఎక్కింది. గంతే. గది జూలైల ముచ్చట. అయిపోయిన ముచ్చట."

అత్తమ్మ నా వైపు జరిగింది.

"నువ్వు పిలిస్తె అన్నడా?"

"ఆ."

"మరి వచ్చిండా? గా దినం?"

"వచ్చిండు."

"తిన్నడా?"

"తిన్నడు అత్తమ్మా. చింతచిగురు పప్పు. ఇంకింత ఉన్నదా అని అడిగి తిన్నడు. కడుపు నిండ తిని, ఒడ్డు మీద పండి జరసేపు నిద్రవోయిండు."

ఆమె ఆ మాటలు మళ్ళీ చెప్పించుకుంది. ఏ కూర, ఎంత తిన్నాడు, ఎటు తల పెట్టి పడుకున్నాడు. అన్నీ చెప్పాను. దీపం పెట్టే వేళ దాటినా ఇద్దరం లేవలేదు.

అక్టోబర్ 10

అత్తమ్మ నాతో చేనుకు వచ్చింది. ఉత్త చేతులతో.

డబ్బా మోగినప్పుడు నా చేయి పట్టుకుంది. కోతులు వచ్చి కూర్చుంటే వాటిని చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. కానీ లేవలేదు.

అక్టోబర్ 12

మళ్ళీ ముదిరింది. గండు కోతి అత్తమ్మ కొంగు ముడి విప్పి చూసింది. ఆమె విప్పనిచ్చింది.

అక్టోబర్ 14

తగ్గాయి.

అక్టోబర్ 15

నందిని కట్టు కట్టిన చేతితో ఒడ్డు దాకా వచ్చింది. మా పక్కన కూర్చోలేదు. దూరం నుంచి చూసి వెళ్ళింది. రావడమే ఎక్కువ.

అక్టోబర్ 16

క్లాసులో ఉండగా కారిడార్‌లో ఎవరో ఆ మాట అన్నారు. నా చేతులు సుద్దముక్క పట్టుకుని అలాగే ఉన్నాయి. కాసేపాగి తెలిసింది, టిఫిన్ డబ్బా కోసం కదల్లేదని.

అక్టోబర్ 18

రేపు మక్క కోత. కూలీలకు రంజిత్ చెప్పి ఉంచాడు. గంపలో అరటిపండ్లు ఎప్పుడో నల్లబడి ఎండిపోయాయి. పోచన్న తెచ్చిచ్చిన మందు డబ్బా అతనికే తిరిగి ఇచ్చేశాడు.

సాయంత్రం నేనూ అత్తమ్మా చివరిసారి గుంజ కింద కూర్చున్నాం. కోతులు గుట్ట అంచు రాళ్ళ మీద ఎండకు కూర్చుని పేలు చూసుకుంటున్నాయి. డబ్బా మోగింది. "హో...య్! హో...య్! ఆగు, వస్తున్న!"

ఒక్కటీ తల తిప్పలేదు. పరుగెత్తనూ లేదు, రానూ లేదు. ముసలి గండు వీపు గీరించుకుంటూనే ఉంది. పిల్ల కోతి తల్లి తోక పట్టుకుని ఆడుతూనే ఉంది. ఆయన మళ్ళీ అన్నాడు. మళ్ళీ అన్నాడు. ఆ మాట గుట్టకు తగిలి, పసుపు ఆకుల మీదుగా, ఎవరికీ చెందకుండా వెళ్ళిపోయింది.

అత్తమ్మ చాలాసేపు చూసింది. "అవి ఇంక రావు గదా బిడ్డా," అంది.

"రావు."

"భూమేషూ..." అంది.

మెల్లగా అంది. ఆ తర్వాత రెండు చేతులూ నేలకు కొట్టి, "నా కొడుకా, భూమేశ్వరా, నన్ను పెట్టి పోతివా నా తండ్రీ" అని రాగం తీసింది. చావు రోజున ఆమెను ఇలా ఏడవనివ్వలేదు. గుండె జబ్బు మనిషి, ఏమన్నా అయితదని చుట్టాలు పట్టుకుని నీళ్ళు తాగించి కూర్చోబెట్టారు. ఇన్నాళ్ళూ అది లోపలే ఉంది. నేను లేచి డబ్బా బంద్ చేశాను. తీగ పీకేశాను. వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. నాకు రాగం రాదు. ఆమె తీసిన చోట కలిశాను.

రాళ్ళ మీద కోతులన్నీ ఒక్కసారిగా తలలెత్తాయి. వాటికి ఇది కొత్త చప్పుడు. కిందికి దిగాలో, పారిపోవాలో తేలక, పొద్దు గూకేదాకా కదలకుండా మా వైపే చూస్తూ కూర్చున్నాయి. ఒక్కటీ దిగి రాలేదు. అత్తమ్మ ఏడుస్తూనే ఉంది. నేను ఆపమనలేదు.